ఖరగ్‌పూర్ గిటార్: మరమ్మతు డైరీ

మే 31

మావయ్య గిటార్ ఇవాళ అటక దిగింది. పాత దుప్పటిలో చుట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి పన్నెండేళ్ళుగా అక్కడే ఉంది. 1994లో ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్నప్పుడు, బోనస్ డబ్బు చేతికి రాగానే కలకత్తా వెళ్ళి లాల్‌బజార్ దగ్గరి వాద్యాల దుకాణాల్లో కొన్నారు. రైల్వే పనికని వెళ్ళిన మన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో తరాలుగా ఉన్నాయి. ఆ క్వార్టర్ల వీధిలో సాయంత్రమైతే ఈ గిటార్ చుట్టూ పదిమంది చేరేవారని అత్తయ్య ఇప్పటికీ చెబుతుంది. రిటైరై విశాఖ వచ్చాక పెదవాల్తేరు ఇంట్లో చోటు చాలక అటకెక్కించారు.

దుప్పటి విప్పగానే మగ్గిన వాసన. తీగల మీద పచ్చటి చిలుము, ముట్టుకుంటే వేళ్ళకి పొడిలా అంటుకుంది. ఆరు ట్యూనింగ్ కీలలో రెండు మొరాయిస్తూ కష్టంగా తిరుగుతున్నాయి. మెడ ముందుకి వంగింది. అన్నిటికంటే పెద్ద జబ్బు బ్రిడ్జిది, అంటే తీగల కింది కొసల్ని పట్టి ఉంచేలా పై పలక మీద అతికించిన చెక్కది. దాని వెనక అంచు కింద విజిటింగ్ కార్డు పెట్టి చూస్తే సగం దాకా లోపలికి పోయింది.

తీగలు బిగించి ఉండగానే అటకెక్కించారు, అసలు నష్టం అక్కడ జరిగింది. మొదటి తీగ 0.012 అంగుళాలుండే మామూలు సెట్టు వేసి సరైన శ్రుతిలో పెడితే, ఆరు తీగలూ కలిసి గిటార్‌ని 70 కిలోలకి పైగా బలంతో లాగుతుంటాయి. నిండు మనిషి బరువన్నమాట. ఆ లాగుడుని తట్టుకునేది పల్చటి పై పలకా, దాని కింద అతికించిన సన్నటి చెక్క బద్దలూ, జిగురూ. దానికి తోడు నడిచి వెళ్ళేంత దూరంలో సముద్రం. ఆ తేమ పన్నెండేళ్ళు పట్టింది.

ఇవాళ చేసిన పని ఒక్కటే, తీగలు వదులు చేయడం. ఒక తీగ పూర్తిగా విప్పి రెండోదానికి పోకుండా, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా ఆరూ తిరిగి వచ్చాను. బిగువు మీదున్న తీగని కత్తెరతో కోస్తే కొస ఎగిరి కంటికి తగలొచ్చు. పూర్తిగా వదులయ్యాకే కోయాలి.

జూన్ 2

లోపలి దుమ్ము. పై పలక మధ్యలోని గుండ్రటి సౌండ్‌హోల్లోంచి గుప్పెడు బియ్యం పోసి, గిటార్‌ని అటూ ఇటూ మెల్లగా ఊపి, బోర్లించి దులిపాను. బియ్యపు గింజలు మూలల్లోకి దొర్లుకుంటూ పోయి, గుడ్డ అందని చోట ఉన్న దుమ్మునంతా పట్టుకొచ్చాయి. మూడుసార్లు చేస్తే నాలుగోసారి గింజలు తెల్లగానే వచ్చాయి. బొద్దింక గుడ్ల పొట్టు రాలింది. దాంతో పాటు మూడు మూలల చిన్న ప్లాస్టిక్ ముక్కొకటి. మావయ్య అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. "సబ్బు పెట్టె మూత కోసి చేసుకున్న మీటమ్మా ఇది. ఎక్కడ పోయిందా అని ఎన్నాళ్ళు వెతికానో" అన్నారు. చొక్కా జేబులో వేసుకున్నారు.

లోపలి బూజుని పొడి బ్రష్షుతో దులిపి, రెండు రోజులు ఫ్యాన్ కింద పెట్టాను. ఎండలో పెట్టమని ఇంట్లో అందరూ అన్నారు గానీ ఎండలో పెట్టకూడదు. పై పలక ఒకవైపు గబగబా ఎండితే పగులుతుంది, జిగురు మెత్తబడుతుంది.

జూన్ 7

బ్రిడ్జి ఊడదీశాను.

సగం ఊడిన బ్రిడ్జిని అలాగే ఉంచి సందులోకి జిగురు పోస్తే పని అయిపోదా అనిపిస్తుంది. అవదు. పాత జిగురు మీద కొత్త జిగురు పట్టదు, పూర్తిగా తీసి శుభ్రం చేయాల్సిందే. ఒక అట్టలో బ్రిడ్జి పట్టేంత కిటికీ కోసి, అట్టకి వంటింటి అల్యూమినియం రేకు చుట్టి, చుట్టూ ఉన్న వార్నిష్‌కి వేడి తగలకుండా కప్పాను. ఇస్త్రీ పెట్టెని బ్రిడ్జి మీద ఆనించి వేడి చేస్తూ, మధ్యమధ్యలో తీసి, పల్చటి పుట్టీ కత్తిని కొద్దికొద్దిగా లోపలికి జరపడం. ముప్పావు గంట పట్టింది. తొందరపడిన చోటు ఒక్కటే. కుడి కొసన కత్తి చెక్క పోగుకి ఎదురెళ్ళి, గోరంత పై పొర బ్రిడ్జి అడుగుకి అంటుకుని లేచిపోయింది. పొర విరగకుండా జాగ్రత్తగా విప్పి, దాని చోట్లోనే అతికించి బరువు పెట్టాను.

ఊడదీశాక గానీ అసలు కారణం తెలియలేదు. బ్రిడ్జి కూర్చునే చోట సగం మేర వార్నిష్ అలాగే ఉంది. తయారు చేసినప్పుడే వార్నిష్ గీకకుండా దాని మీద అతికించేశారు. చెక్క జిగురు పనిచేసేది పచ్చి చెక్కలోకి ఇంకి ఆరినప్పుడు. వార్నిష్ మీద అది పొరలా నిలబడుతుందే తప్ప లోపలికి పట్టు దొరకదు. ఇంతకాలం ఈ బ్రిడ్జిని మోసింది మిగతా సగం.

జూన్ 9

బ్రిడ్జి అతికించాను. వార్నిష్ గీకాను, కొంత పాత జిగురు గట్టిగా పట్టి ఉంటే దాన్ని వదిలేశాను. జిగురు అంచుల వెంట సమంగా బయటికి వచ్చింది కాబట్టి బాగానే పట్టిందనుకున్నాను.

జూన్ 14

పట్టలేదు. నిన్న తీగలు కట్టి శ్రుతికి తెచ్చాను. ఇవాళ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉండగా గదిలోంచి టక్ మని శబ్దం. వెళ్ళి చూస్తే బ్రిడ్జి వెనక అంచు వెంట్రుకంత లేచి ఉంది. వెంటనే తీగలు వదులు చేశాను.

తప్పులు రెండు, రెండూ నావే. వదిలేసిన పాత జిగురు మీద కొత్తది పట్టకపోవడం మొదటిది. రెండోది క్లాంపు. మేస్త్రి దగ్గర అడిగి తెచ్చిన మామూలు సి-క్లాంపు సౌండ్‌హోల్లోంచి బ్రిడ్జి వెనక అంచు దాకా అందలేదు. బిగువంతా ముందు అంచు మీదే పడింది. తీగలు లాగేది మాత్రం వెనక అంచుని పైకి లేపేలా.

మావయ్య కోప్పడలేదు. బ్రిడ్జిని చేతిలో తిప్పి చూసి, "ఇందులో చిల్లులున్నాయి కదమ్మా, బోల్టులెందుకు వేయలేదు?" అన్నారు. తీగల కొసల్ని పట్టి ఉంచే పిన్నుల చిల్లులవి, ఆరు, ఒక్కోటి దాదాపు 5 మిల్లీమీటర్ల వెడల్పు. వాటిలో 4 మిల్లీమీటర్ల బోల్టు హాయిగా దూరుతుంది. ముప్పై ఏళ్ళు వ్యాగన్లు బిగించిన మనిషికి ఒక్క చూపులో తట్టింది.

జూన్ 20

రెండోసారి. ఈ వారమంతా గీకడంతోనే సరిపోయింది. గాజు పెంకు అంచుతో, ఆ తర్వాత గరుకు కాగితంతో, పలక మీదా బ్రిడ్జి అడుగునా పచ్చి చెక్క కనబడేదాకా. తడి గుడ్డతో తుడిస్తే పాత జిగురు మిగిలిన చోట నీరు ఇంకకుండా మెరుస్తుంది, ఆ మెరుపు పోయేదాకా గీకాలి. బ్రిడ్జి అడుగు పలక ఉబ్బుకి సరిపోతోందో లేదో జిగురు లేకుండా పెట్టి, లైటుకి ఎదురుగా సందు చూశాను. ఎడమ కొస కింద వెలుగు కనబడింది. పలక మీద గరుకు కాగితం పరిచి బ్రిడ్జిని దాని మీదే రుద్దితే ఆ ఉబ్బు ఆకారమే అడుగుకి వచ్చింది.

ఇక బిగింపు. లోపల చెక్క దిమ్మ, పైన ఇంకో దిమ్మ, మొదటి చిల్లులోనూ ఆరో చిల్లులోనూ బోల్టులు, కొసన రెక్కల నట్లు. దిమ్మలు జిగురుకి అంటుకోకుండా పాల ప్యాకెట్ కవరు కోసి మధ్యలో వేశాను. ఈ జిగురు పాలిథీన్‌కి పట్టదు. కారిన జిగురుని తడి గుడ్డతో అప్పటికప్పుడే తుడిచేయాలి. బోల్టు ఉన్న చోటు నుంచి వెనక అంచు ఎంతో దూరం లేదు కాబట్టి ఈసారి బిగువు పడాల్సిన చోటే పడింది. వానలు మొదలయ్యాయి, గాలిలో తేమ 80 శాతం దాటింది. నీళ్ళతో చేసిన జిగురు ఇలాంటప్పుడు నిదానంగా ఆరుతుంది. 24 గంటలు చాలంటారు, నేను మూడు రోజులు ముట్టుకోలేదు.

జూన్ 24

బ్రిడ్జి కదల్లేదు. కార్డు కాదు కదా, సిగరెట్ కాగితం కూడా దూరడం లేదు.

ఆ సంతోషంలో ఫింగర్‌బోర్డు, అంటే మెడ మీద వేళ్ళతో తీగలు నొక్కే పలక, పని మొదలెట్టాను. రోజ్‌వుడ్ మీద ఏళ్ళ తరబడి పట్టిన వేళ్ళ మురికి, ముఖ్యంగా మొదటి మూడు ఫ్రెట్ల (అడ్డంగా ఉండే లోహపు మెట్ల) పక్కన నల్లగా గట్టిపడి ఉంది. పాత ఏటీఎం కార్డు అంచుతో గీకి, కొద్దిగా తడిపిన టూత్‌బ్రష్‌తో తోమి వెంటనే తుడిచాను. ఫ్రెట్ల మధ్య చెక్కకి మాస్కింగ్ టేపు వేసి, నాలుగు సున్నాల స్టీల్ ఊలుతో ఫ్రెట్లని రుద్దితే కొత్త గిన్నెల్లా మెరిశాయి. ఎలక్ట్రిక్ గిటార్ అయితే స్టీల్ ఊలు వాడే ముందు తీగల కింద శబ్దాన్ని పట్టే పికప్పులు కప్పేయాలి. వాటిలో అయస్కాంతాలుంటాయి, ఇనుప పొడినంతా లాక్కుంటాయి.

నూనె గురించి. అత్తయ్య కొబ్బరి నూనె తెచ్చింది. వద్దన్నాను. కొన్నాళ్ళకి అది జిడ్డుగట్టి ముక్క వాసన వేస్తుంది. నిమ్మకాయ రుద్దమని చెప్పేవాళ్ళూ ఉన్నారు. గిటార్లకి అమ్మే లెమన్ ఆయిల్ వేరు, నిమ్మరసం వేరు. రసంలో ఉండేది పులుపు, అది ఫ్రెట్ల లోహాన్ని తింటుంది. నేను రెండు చుక్కల మినరల్ ఆయిల్ గుడ్డకి అంటించి రాసి, పది నిమిషాలాగి పూర్తిగా తుడిచేశాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. అది కూడా ఫింగర్‌బోర్డుకే, వార్నిష్ ఉన్న చోట నూనె పని లేదు.

ఫ్రెట్లు తోముతుంటే చిన్నప్పుడు విజయనగరంలో చూసిన వీణ మేళం గుర్తొచ్చింది. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి కట్టిన నల్లటి మేళం మీద 24 మెట్లు. మైనం కదిలితే మెట్లు కదులుతాయి, అప్పుడు చెవితో వింటూ మళ్ళీ మేళం కట్టాలి. గిటార్‌లో ఆ సౌలభ్యం లేదు, మెట్లన్నీ చెక్కలో దిగ్గొట్టేస్తారు. వాటి చోటు లెక్క ముందే తేలిపోవాలి. తీగ మోగే పొడవుని 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ ఎక్కడుండాలో వస్తుంది. మిగిలిన పొడవుని మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండోది. ఈ గిటార్‌లో తీగ మోగే పొడవు 650 మిల్లీమీటర్లు, మొదటి ఫ్రెట్ 36.5 దగ్గర ఉండాలి. స్కేలు పెట్టి చూశాను, ఉంది. పన్నెండో ఫ్రెట్ సరిగ్గా సగంలో, 325 దగ్గర. ఖరీదు తక్కువ గిటారే అయినా ఫ్రెట్లు కోసిన చేయి మాత్రం మంచిది.

ట్యూనింగ్ కీల పళ్ళచక్రాలకి చుక్క కుట్టుమిషన్ నూనె. మొరాయించినవి రెండూ సాఫీగా తిరిగాయి.

జూన్ 28

కొత్త తీగలు. బ్రిడ్జికి ఇది రెండో బతుకు కాబట్టి 12 సెట్టు వేయలేదు, మొదటి తీగ 0.010 అంగుళాలుండే 10 సెట్టు వేశాను. లాగుడు దాదాపు 60 కిలోలకి తగ్గుతుంది. గొంతు కొంచెం పల్చనవుతుంది, మావయ్య వేళ్ళకి మాత్రం సుఖం. మెడ పై కొసన తీగలు ఆనే పట్టీని కూడా నట్టు అంటారు, దాని గాళ్ళలో పెన్సిలు ములికితో రాస్తే తీగ పట్టేయకుండా జారుతుంది, శ్రుతి చేసేటప్పుడు టిక్కు టిక్కుమనదు. కీకి రెండు మూడు చుట్లు చాలు, అంతకంటే ఎక్కువ చుడితే శ్రుతి నిలవదు.

తర్వాత మెడ. మెడ లోపల ఇనుప ఊచ ఒకటుంటుంది, ట్రస్ రాడ్ అంటారు. తిప్పి సరిచేసుకోగలిగే రాడ్‌కి గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ పేరు మీద 1923లో పేటెంటు వచ్చింది. తీగలు మెడని ముందుకి లాగుతుంటే ఈ ఊచ వెనక్కి లాగుతుంది. మెడ పూర్తిగా తిన్నగా ఉండకూడదు, మీటిన తీగ ఊగడానికి వెంట్రుకంత పల్లం కావాలి.

ఆ పల్లం కొలవడానికి మావయ్య తన పనిముట్ల పెట్టె తెరిచారు. గుడ్డలో చుట్టి, నూనె రాసి దాచిన ఫీలర్ గేజ్. చాకులా విచ్చుకునే ఉక్కు రేకులు, ఒక్కో రేకు మీద దాని మందం చెక్కి ఉంది. కొన్ని అంకెలు చేతి రాపిడికి అరిగిపోయాయి గానీ ఆయన చూడకుండానే వేలితో తడిమి కావాల్సింది తీస్తున్నారు. ఆరో తీగని మొదటి ఫ్రెట్ దగ్గర నేను నొక్కాను, మెడ ఒంటిని కలిసే 14వ ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కాను. తీగే తిన్నటి గీత అయింది. ఏడో ఫ్రెట్‌కీ తీగకీ మధ్య ఆయన రేకులు దూర్చి చూశారు. 0.7 మిల్లీమీటర్ల రేకు తీగని కదపకుండా దూరింది. ఉండాల్సింది 0.25 ప్రాంతంలో.

తీగలు కొంచెం వదులు చేసి, సౌండ్‌హోల్లోంచి అలెన్ కీ పెట్టి కుడివైపు తిప్పబోయాను. కదల్లేదు. నేను బలం పెట్టబోతే మావయ్య చెయ్యి పట్టుకున్నారు. "ఏటమ్మా ఆ తొందర? పట్టేసిన నట్టుని ముందు వెనక్కి తిప్పాల." చుక్క నూనె వేసి, అరగంట ఆగి, ఎడమకి కొద్దిగా కదిపితే వదిలింది. ఆపైన కుడికి ఎనిమిదో వంతు చుట్టు, మళ్ళీ శ్రుతి, మళ్ళీ కొలత. మొత్తం ముప్పావు చుట్టు తిరిగేసరికి సాయంత్రమైంది. కొలత 0.30. "ఇక్కడ ఆపు. చెక్క రాత్రంతా సర్దుకుంటుంది" అన్నారు. తెల్లారి చూస్తే 0.25 రేకు దూరుతోంది, 0.30 దూరడం లేదు.

జూలై 3

తీగల ఎత్తు. ఇది మెడ సరిచేశాకే చూడాలి, ముందు చూస్తే చేసిన పనంతా మళ్ళీ చేయాలి. ట్రస్ రాడ్‌తో ఎత్తు తగ్గించాలని చూసేవాళ్ళు మెడని వెనక్కి వంచేసుకుంటారు. ఎత్తుకి చోటు శాడిల్, బ్రిడ్జి మీది తెల్ల పట్టీ.

పన్నెండో ఫ్రెట్ మీద ఆరో తీగ 3.2 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది. 2.4కి తేవాలి, అంటే 0.8 దించాలి. పన్నెండో ఫ్రెట్ తీగకి సగంలో ఉంది కాబట్టి శాడిల్ దగ్గర దానికి రెట్టింపు, 1.6 తీయాలి. శాడిల్ అడుగున పెన్సిలు గీత గీసి, వంటింటి గ్రానైటు గట్టు మీద గరుకు కాగితం టేపుతో అతికించి, పట్టీని నిట్టనిలువుగా పట్టుకుని రుద్దాను. ఇంట్లో అంత చదునైన చోటు ఇంకోటి లేదు. అడుగు వాలుగా అరిగితే ఆ మూలన తీగ మూగబోతుంది. 1.4 దగ్గర ఆపి వేసి చూసి, మళ్ళీ తీసి మిగతా 0.2 రుద్దాను. చెరిపిన ప్లాస్టిక్ తిరిగి రాదు.

జూలై 8

వారం రోజులుగా ఎడతెగని వాన. కేసులో పెట్టిన చిన్న తేమ మీటరు 78 చూపిస్తోంది. గిటార్ చెక్కకి 45 నుంచి 55 శాతం మధ్య హాయి. అంతకు మించితే పై పలక ఉబ్బుతుంది, తీగలు పైకి లేస్తాయి, గొంతు మూసుకుపోతుంది. నారింజ రంగు సిలికా జెల్ గింజలు రెండు పల్చటి గుడ్డ సంచుల్లో కట్టి కేసులో వేశాను. తేమ పీల్చి పచ్చబడితే సన్న సెగ మీద వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. రెండు రోజులకి 58కి దిగింది.

షికాగోలో ఉన్న మా అన్నయ్యది దీనికి సరిగ్గా వ్యతిరేకం. చలికాలంలో హీటరు గాలికి ఇంట్లో తేమ 25కి పడిపోతుంది. ఇక్కడి నుంచి తీసుకెళ్ళిన గిటార్ చెక్క కుంచించుకుపోయి ఫ్రెట్ల కొసలు అరచేతిని గీరేవి. చూసుకోకపోతే పలక పగిలేది. ఆయన కేసులో తడి స్పాంజి పెడతాడు, నేను ఆరబెట్టే గింజలు పెడుతున్నాను.

మావయ్యకి చెప్పినవి మూడే. వాయించే ముందు చేతులు కడుక్కోవాలి, వాయించాక ప్రతి తీగనీ పొడి గుడ్డతో పైనా కిందా తుడవాలి, బీచ్ వైపు గోడకి తగిలించకూడదు. ఉప్పుగాలికి ఇక్కడ తీగలు మూడు నాలుగు వారాలకే రంగు మారతాయి. తుడిస్తే ఇంకో నెల వస్తాయి.

జూలై 12

ఇవాళ మావయ్య వాయించారు. జేబులోంచి ఆ సబ్బుపెట్టె మీటు తీశారు. ట్యూనర్ ఇస్తే వద్దని, ఐదో తీగ ఒక్కటి దానితో సరిచూసుకుని మిగతావి చెవితో కలుపుకున్నారు. మొదట వేళ్ళు కదల్లేదు. సి అనే వేళ్ళ పట్టు నుంచి జి పట్టుకి మారేటప్పుడు ఉంగరపు వేలు ఆగిపోతోంది. పావుగంటకి దారి దొరికింది. అత్తయ్య పొయ్యి ఆపి వచ్చి గుమ్మంలో నిలబడింది.

ఒకచోట ఆగారు. రెండో తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మళ్ళీ మళ్ళీ మీటారు. జర్ మని సన్నటి శబ్దం. లోపలికి వెళ్ళి విరిగిన హాక్సా బ్లేడు ముక్క తెచ్చి, దాని వీపు అంచుని మూడు, నాలుగు, ఐదు ఫ్రెట్ల మీద అడ్డంగా ఆనించి రెండు వేళ్ళతో ఊపారు. టిక్, టిక్. "నాలుగోది లేచిందమ్మా. విన్నావా?"

విన్నాను. మిగతా చోట్ల ఊపితే చప్పుడు లేదు. ఆ ఫ్రెట్ పక్కన టేపు ముక్క అంటించి గుర్తు పెట్టాం. చెక్కలోంచి లేచి ఉంటే చిన్న సుత్తితో దించాలి, అక్కడికీ లొంగకపోతే సన్న ఆకురాయి. సుత్తి మూతికి తొడగడానికి సైకిల్ ట్యూబు ముక్క వెతుకుతానన్నారు. వచ్చే ఆదివారం పొద్దున్నే రమ్మన్నారు.